మహిమ శరీరానికీ మచ్చలుంటాయి

ఇప్పటి ఫ్రాన్స్‌లో రోన్ నది ఒడ్డున ఉన్న లియోన్ నగరంలో 177వ సంవత్సరంలో క్రైస్తవులను పట్టి చంపారు. తొంభై ఏళ్లు దాటిన బిషప్ పొథినస్ చెరసాలలోనే కన్నుమూశాడు. బ్లాండీనా అనే బానిస యువతిని జనం చూస్తుండగా మృగాల ముందుకు తోశారు. చంపడంతో పని అయిపోలేదు. శవాలను ఆరు రోజులు ఆరుబయట పడేసి, అయినవాళ్లెవరూ పాతిపెట్టకుండా సైనికులను కాపలా ఉంచారు. ఆ తర్వాత కాల్చి, బూడిదను రోన్ నదిలో కలిపేశారు. ఇంత శ్రమ ఎందుకు పడ్డారో ఆ ప్రాంతపు సంఘాలు రాసిన ఉత్తరంలో ఉంది. చరిత్రకారుడు యూసేబియస్ దాన్ని తన గ్రంథంలో భద్రపరిచాడు. దేహం మిగలకపోతే వీళ్లు తిరిగి లేస్తారన్న ఆశ కూడా మిగలదని చంపినవాళ్లు అనుకున్నారు.

వాళ్లు క్రైస్తవ వేదాంతం చదువుకున్నవాళ్లు కారు. అయినా ఒక సంగతి వాళ్లకు స్పష్టంగా తెలిసింది. ఈ మనుషుల ఆశంతా దేహం మీదే ఉంది. చనిపోయాక ఆత్మ ఎక్కడికో వెళ్లి సుఖపడుతుందన్నదే వీళ్ల నమ్మకమైతే శవాలకు కాపలా అక్కర్లేదు.

ఇప్పుడు తెలుగునాట భూస్థాపన కూడికల్లో వినిపించే చాలా ప్రసంగాల్లో ఆ దేహం ఊసే ఉండదు. మట్టిగుడారం విడిచి వెళ్లిపోయాడంటారు. ఈ లోకం మనది కాదు, అసలు ఇల్లు పైన ఉందంటారు. దేహాన్ని తోలుతిత్తి అనీ, చిల్లుల కుండ అనీ చెప్పే తత్వాలు తరతరాలుగా విన్న జనానికి ఆ మాటలు తేలిగ్గా ఎక్కుతాయి. ఏడుస్తున్న కుటుంబానికి అవి ఓదార్పునిస్తాయి కూడా. కానీ క్రైస్తవ విశ్వాసం చెప్పేదానిలో అది సగమే. రెండో సగం వదిలేసినందువల్ల తెలుగు సంఘాలు పోగొట్టుకుంటున్నది చిన్నది కాదు. వికలాంగులను చూసే చూపులో, శ్మశానంలో కులాన్ని సహించే తీరులో, కాళ్ల కింది నేల పట్ల బాధ్యతలో ఆ లోటు కనిపిస్తూనే ఉంది.

రెండో సగం చర్చిల్లో ఆదివారం ఆదివారం పలుకుతున్నదే. అపొస్తలుల పేరు మీదున్న విశ్వాస ప్రమాణం శరీరం తిరిగి లేస్తుందని చెబుతుంది. 325లోను, 381లోను జరిగిన మహాసభల నుంచి వచ్చిన నీకయ ప్రమాణం మృతులు లేస్తారనీ, రాబోయే లోకంలో జీవం ఉంటుందనీ చెబుతూ ముగుస్తుంది. రోమా పత్రిక 8వ అధ్యాయంలో పౌలు ఒక వరుస చెబుతాడు. దేవుడు పిలిచినవారిని నీతిమంతులుగా తీర్చాడు, నీతిమంతులుగా తీర్చినవారిని మహిమపరిచాడు. ఆ వరుసలో చివరిదే మహిమపరచబడటం. ఇంకా జరగవలసినదాన్ని అయిపోయినట్టే చెప్పడంలో ఆయన ధీమా తెలుస్తుంది. క్రీస్తు తిరిగి వచ్చినప్పుడు దీనమైన మన దేహం ఆయన మహిమ దేహాన్ని పోలి మారుతుందని ఫిలిప్పీయులకు రాసిన లేఖలో అంటాడు. పాపం తుడిచిపెట్టుకుపోవడం, చావు ఓడిపోవడం, దేవుడిని ముఖాముఖిగా చూడటం, ఇవన్నీ దేహంతో ఉన్న మనిషికే జరుగుతాయి.

దీన్ని పునర్జన్మతో కలిపి చూడకూడదు. పునర్జన్మలో జీవుడు ఇంకో దేహంలోకి వెళతాడు. ఇక్కడ ఫలానా ఊళ్లో ఫలానా తల్లికి పుట్టిన ఆ మనిషే, తన కథతో సహా, లేస్తాడు. చనిపోయినవాడు మళ్లీ ఊపిరి పోసుకోవడం కూడా పునరుత్థానం కాదు. బేతనియలో యేసు సమాధి నుంచి పిలిచిన లాజరు తిరిగి పాత బతుకే బతికాడు, మళ్లీ చనిపోవలసినవాడే. యేసు పునరుత్థానం అలాంటిది కాదు. ఆయన ఇక చావు అంటూ లేని బతుకులోకి లేచాడు.

మరి చనిపోయిన రోజుకీ లేచే రోజుకీ నడుమ ఆత్మ ఎక్కడుంటుంది? ఇక్కడ సంఘాల మధ్య తేడాలున్నాయి. నీతిమంతుల ఆత్మలు తీర్పు దినం దాకా దేవుడిని పూర్తిగా చూడలేవని 14వ శతాబ్దంలో పోప్ 22వ జాన్ ప్రసంగించినప్పుడు పెద్ద వివాదమే లేచింది. ఆయన తర్వాత వచ్చిన 12వ బెనెడిక్ట్ 1336లో దానికి తెర దించాడు. శుద్ధులైన ఆత్మలు అప్పుడే దేవుడిని చూస్తాయని ప్రకటించాడు. ప్రొటెస్టెంట్లలో ఎక్కువమంది విశ్వాసి వెంటనే క్రీస్తు సన్నిధికి చేరుతాడంటారు. అడ్వెంటిస్టులు అది నిద్ర అంటారు. తేడాలు ఎన్ని ఉన్నా, ఆ నడిమి కాలమే గమ్యమని ఏ పక్షమూ చెప్పలేదు. పరలోకం చేరడంతో కథ ముగియదు. దేహం లేచినప్పుడే ముగుస్తుంది.

సువార్తలు చెప్పే ఈస్టర్ కథలు ఎంత నేల మీద నడుస్తాయో గమనించాలి. మగ్దలేనే మరియ లేచిన ప్రభువును చూసి తోటమాలి అనుకుంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు ఆయనతో మైళ్లు నడిచి, భోజనం దగ్గర రొట్టె విరిచినప్పుడు గాని గుర్తుపట్టలేదు. ఆత్మను చూస్తున్నామని భయపడినవాళ్ల ముందు ఆయన కాల్చిన చేప ముక్క అడిగి తిన్నాడు. తిబెరియ సముద్రం ఒడ్డున, రాత్రంతా వల వేసి అలసిపోయిన శిష్యుల కోసం నిప్పులు రాజేసి చేపలు కాల్చి పెట్టాడు. మూసిన తలుపుల మధ్య నుంచి వచ్చి నిలబడ్డ దేహం అది. అయినా ఆకలిగొన్నవాళ్లకు వండి పెట్టింది. అనుమానించిన తోమాకు ఆయన చూపించింది కాంతిచక్రాన్ని కాదు, మేకులు దిగిన చేతులను, బల్లెం దిగిన పక్కను.

గ్రీకు మనసుకు ఇది మింగుడుపడలేదు. ఏథెన్సులో పౌలు మాట్లాడుతుంటే మృతులు లేవడం గురించి చెప్పేదాకా పండితులు విన్నారు. ఆ మాట రాగానే కొందరు నవ్వారు. కొరింథు సంఘంలోనే కొందరు పునరుత్థానం లేదన్నారు. వాళ్లకోసం క్రీ.శ. 50ల నడుమ పౌలు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయమే ఈ విషయంలో క్రైస్తవులకు మూలస్తంభం. ఏ దేహంతో లేస్తారు అన్న ప్రశ్నకు ఆయన విత్తనాన్ని చూపించాడు. గింజ మట్టిలో పడి చస్తుంది, మొలిచిన పైరు గింజలా ఉండదు. అయినా ఆ గింజదే ఆ పైరు. వరి నారు పోసే ఊళ్లలో ఈ మాట వివరించక్కర్లేదు. అక్కడే పౌలు ఇంకో మాట కచ్చితంగా చెప్పాడు. మృతులు లేవకపోతే క్రీస్తూ లేవలేదు, అప్పుడు ఈ విశ్వాసమే వ్యర్థం. ఆత్మ అమరత్వం అనే మెత్తని ఆసరా చేతిలో ఉండి కూడా ఆయన దాన్ని పట్టుకోలేదు.

లియోన్ మృతవీరుల బూడిద నదిలో కలిశాక ఆ నగరానికి బిషప్ అయినవాడు ఇరేనియస్. ఆయన కాలంలో, 180 ప్రాంతంలో, దేహాన్నీ భౌతిక లోకాన్నీ నీచమైనవిగా చూసి, రహస్య జ్ఞానంతో ఆత్మ వాటి నుంచి తప్పించుకోవాలని బోధించే గురువులు చాలామంది ఉండేవారు. ఇరేనియస్ వాళ్లకు ఎదురుగా ఐదు సంపుటాలు రాశాడు. దేవుడే మట్టితో చేసిన మనిషిని దేవుడే రక్షించాలంటే, ఆ మట్టినే రక్షించాలి కదా అన్నది ఆయన వాదం సారం. సొంత సంఘస్తుల దేహాలు బూడిదవడం చూసిన ఊరివాడు ఈ మాట అన్నాడు. పాఠశాలలో కూర్చుని అల్లిన సిద్ధాంతమని దాన్ని తీసిపారేయలేం.

ఆ తర్వాతి తరాల్లో ఈ ఆశ దేహంలోని ప్రతి వివరాన్నీ ముట్టుకుంది. ఆగస్టీన్ తన ‘దేవుని నగరం’ గ్రంథాన్ని 426 నాటికి పూర్తి చేశాడు. అందులో చివరిదైన 22వ భాగంలో జనం అడిగే ప్రశ్నలన్నిటినీ ఓపిగ్గా తీసుకున్నాడు. మృగాల పాలైన దేహాల సంగతేమిటి? పసికందులు ఏ వయసులో లేస్తారు? స్త్రీలు స్త్రీలుగానే లేస్తారా? ఆ రోజుల్లో కొందరు అందరూ మగవాళ్లుగా లేస్తారని చెప్పేవారు. స్త్రీత్వం లోపం కాదు, సృష్టి అని ఆగస్టీన్ వాళ్లను ఖండించాడు. ఇంకో మాట కూడా అన్నాడు. మృతవీరుల దేహాల మీది గాయాల గుర్తులు మహిమలోనూ కనిపిస్తాయనీ, అవి వికారంగా ఉండవనీ, గౌరవ చిహ్నాలుగా ఉంటాయనీ ఆయన అభిప్రాయం. తెగిన అవయవం తిరిగి వస్తుంది, మచ్చ మాత్రం నిలుస్తుంది.

ఆయనకంటే ముందు, 379లో, పొంతులో మక్రీనా అనే సన్యాసిని మరణశయ్య మీద ఉంది. తమ్ముడు నిస్సా గ్రెగరీ బిషప్, మహా పండితుడు. అన్నను పోగొట్టుకున్న దుఃఖంతో ఆమె దగ్గరికి వచ్చాడు. అక్కడ జరిగిన సంభాషణగా ఆయన రాసిన గ్రంథంలో గురువు ఆమె, శిష్యుడు ఆయన. పునరుత్థానం గురించి ఆయన సందేహాలు అడుగుతాడు, ఆమె చెబుతుంది. ఆమె జీవితకథలో గ్రెగరీ మరో సంగతి రాశాడు. చనిపోయిన మక్రీనాను సిద్ధం చేస్తున్నప్పుడు తోటి స్త్రీ ఒకరు ఆమె రొమ్ము మీది చిన్న మచ్చ చూపించింది. ఒకప్పుడు అక్కడ కణితి లేచి, తల్లి సిలువ గుర్తు వేశాక మానిపోయిందని చెప్పింది. మానింది కానీ గుర్తు మిగిలింది. దాన్ని దాచిపెట్టాలని గ్రెగరీకి అనిపించలేదు, రాసి ఉంచాడు.

ఈ ఆలోచనకు దక్షిణ భారతంలో దొరికే సాక్ష్యం చాలా బలమైనది. పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు పుట్టాడు. శస్త్రవైద్యుడై వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చాడు. చిత్తూరు సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆసుపత్రి తెలుగువాళ్లకు కొత్తది కాదు. కుష్ఠు బాధితుల వేళ్లు కుళ్లి రాలిపోతాయని అప్పటిదాకా లోకం నమ్మింది. స్పర్శ చచ్చిపోవడం వల్ల తెలియకుండా తగిలే దెబ్బలు, కాలిన గాయాలే వేళ్లను తినేస్తున్నాయని బ్రాండ్ బృందం కనిపెట్టింది. నరం దెబ్బతిని పక్షి గోళ్లలా ముడుచుకుపోయిన చేతులకు, ముంజేతిలో ఇంకా పనిచేస్తున్న కండరపు స్నాయువును మళ్లించి అతికితే వేళ్లు తెరుచుకుంటాయని 1940ల చివరలో చేసి చూపించాడు.

ఒక సాయంత్రం వెల్లూరు ఆవరణలోని నవజీవ నిలయంలో కుష్ఠు బాధితుల కూడికలో బ్రాండ్‌ను మాట్లాడమన్నారు. ఆయన కళ్లు వాళ్ల చేతుల మీద పడ్డాయి. చాలామంది వాటిని దాచుకుని కూర్చున్నారు. ఆయన యేసు చేతుల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. పసివాడి చేతులు, వడ్రంగి చేతులు, రోగులను ముట్టిన చేతులు. తర్వాత మేకు దిగిన చేతులు. ఆ మేకు నరాలను చీల్చుకుంటూ పోతే ఆ చెయ్యి కూడా ముడుచుకుపోయి ఉంటుందని శస్త్రవైద్యుడిగా ఆయనకు తెలుసు. చివరికి లేచిన తర్వాతి చేతులు. అన్నీ బాగుపడ్డాక కూడా గుర్తులు ఉంచుకున్న చేతులు. ఆయన మాట్లాడుతూండగానే అక్కడివాళ్లు ఒక్కొక్కరే దాచిన చేతులు బయటికి తీసి, వేళ్లు లేకపోయినా, మొండివైనా, ఒకదానితో ఒకటి చేర్చి నమస్కారం పెట్టారని బ్రాండ్ తర్వాత రాసుకున్నాడు.

సిద్ధాంతం మనిషికి చేయగల మేలు ఇదే. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు బాధితుల కోసం ఆసుపత్రి కట్టిన స్కాట్లాండ్ డాక్టరు ఇజబెల్ కెర్ తరం నుంచి బ్రాండ్ తరం దాకా ఎందరో వైద్య మిషనరీలు, ఊరివాళ్లు ముట్టుకోని దేహాలను చేతుల్లోకి తీసుకున్నారు. దేహం ఎలాగూ వదిలేసే తిత్తి అని మనసారా నమ్మినవాళ్లు ముడుచుకున్న వేలు ఒక్కటి తెరవడానికి గంటల తరబడి వంగి నిలబడరు.

తెలుగు పట్టణాల గోడల మీద కనిపించే స్వస్థత మహాసభల పోస్టర్లను ఈ వెలుగులో చూడాలి. విశ్వాసముంటే ఇప్పుడే, ఈ వేదిక మీదే కుంటి కాలు బాగవుతుందని కొందరు బోధకులు ప్రకటిస్తారు. బాగుకానివాళ్లు తమ విశ్వాసంలోనే లోపముందన్న బరువుతో ఇంటికి వెళతారు. చక్రాల కుర్చీలో వచ్చిన అమ్మాయి చక్రాల కుర్చీలోనే తిరిగి వెళుతుంది, ఈసారి నేరభావం కూడా మోసుకుంటూ. క్రైస్తవులు స్వస్థత కోసం ప్రార్థించడం తప్పు కాదు. మహిమను తీర్పు దినం నుంచి లాక్కొచ్చి సభావేదిక మీద అమ్మడం తప్పు. మహిమ శరీరమంటే మచ్చలేని, లోపంలేని, అందరూ ఒకేలా ఉండే దేహం అని ఊహించుకున్నప్పుడే ఈ తప్పు జరుగుతుంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన నాన్సీ ఐస్లాండ్ పుట్టుకతోనే ఎముకల వ్యాధితో పెరిగారు. ఆమె 1994లో ప్రచురించిన ‘వికలాంగుడైన దేవుడు’ పుస్తకానికి గుండెకాయ లేచిన యేసు చేతుల్లోని గాయాలే. తన వైకల్యం తుడిచిపెట్టుకుపోతే పరలోకంలో తనను తానే గుర్తుపట్టలేనన్నట్టు ఆమె మాట్లాడారు. అందరూ ఆమెతో ఏకీభవించరు. నొప్పితో రాత్రులు గడిపినవాళ్లు ఆ నొప్పి పోవాలనే కోరుకుంటారు, పోతుందని లేఖనం చెబుతుంది కూడా. కానీ ఆ మనిషి బతికిన బతుకు చెరిగిపోదని యేసు చేతులు చెబుతున్నాయి. బోధకులు రెండూ చెప్పాలి.

దేహానికి ఇంత విలువ ఉందంటే దాన్ని పాతిపెట్టే చోటుకీ ఉంటుంది. 2025 జనవరిలో తెలంగాణ సరిహద్దుకు అవతల, ఛత్తీస్‌గఢ్ బస్తర్ జిల్లాలోని ఒక గ్రామంలో దళిత పాస్టరు ఒకరు చనిపోయారు. తాతను పాతిపెట్టిన ఊరి శ్మశానంలోనే తండ్రినీ పాతిపెట్టాలని కొడుకు కోరాడు. క్రైస్తవుడన్న కారణంతో ఊరివాళ్లు అడ్డుపడ్డారు. కేసు సుప్రీంకోర్టుకు చేరేసరికి దేహం మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. కుటుంబం తన సొంత భూమిలో పాతిపెట్టుకోవచ్చని జస్టిస్ నాగరత్న అన్నారు, కేటాయించిన చోటే జరగాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అన్నారు. చనిపోయిన మనిషి ఇంకా ఎదురుచూడకూడదని కేసును పెద్ద ధర్మాసనానికి పంపకుండా, వేరే ఊళ్లోని క్రైస్తవ శ్మశానంలో అంత్యక్రియలు జరిపించమన్నారు. పొరుగు రాష్ట్రంలో జరిగిన ఈ అవమానాన్ని తెలుగు క్రైస్తవులు గట్టిగా ఖండించారు, ఖండించాల్సిందే.

అదే గొంతు సొంత ఇంట్లోనూ వినిపించాలి. తిరుచిరాపల్లి మేలపుదూరులోని కాథలిక్ శ్మశానవాటికలో దళితుల సమాధులను మిగతా సమాధుల నుంచి వేరుచేసే గోడ మీద దళిత సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి. తెలుగునాట గోడ కట్టని చోట కూడా మాల సంఘం, మాదిగ సంఘం, రెడ్డి కాథలిక్కులు అని విడివిడిగా పాతిపెట్టే ఊళ్లు ఉన్నాయి. వినుకొండలో పుట్టిన క్రైస్తవ కవి గుర్రం జాషువా శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదని పద్యాల్లో చెప్పాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను ఆడిన ప్రతి ఊళ్లోనూ జనం వాటిని విన్నారు. చావు అందరినీ ఒకటి చేస్తుందన్న ఆ మాట గొప్పది. పునరుత్థానం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఒకే పిలుపుకు అందరూ ఒక్కసారిగా లేస్తారని నమ్మినవాళ్లు, లేచేవాళ్ల మధ్య గోడ కట్టి పెట్టడం తమ విశ్వాస ప్రమాణాన్ని తామే కొట్టిపారేయడం.

వేరే దారి ఉందని చరిత్రలోనే ఉదాహరణ ఉంది. జర్మనీలోని హెర్న్‌హుట్‌లో మొరేవియన్ క్రైస్తవులు తమ సమాధుల తోటలో దాదాపు అందరికీ ఒకే తీరు పలకరాళ్లు నేలకు సమంగా పరిచారు. ధనవంతుడికీ పనివాడికీ తేడా లేదు. 1732 ఈస్టర్ నాడు అక్కడి యువకులు తెల్లవారక ముందే ఆ సమాధుల దగ్గరికి వెళ్లి ప్రార్థించారు. ఈస్టర్ సూర్యోదయ ఆరాధనకు చరిత్రలో దొరికే తొలి నమోదు అదే. కోస్తా జిల్లాల్లో ఈస్టర్ తెల్లవారుజామున కుటుంబాలు సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే ఆచారం ఉంది. ఆ చీకటిలో వాళ్లు చేసే పని ప్రసంగం కన్నా సరైన వేదాంతం చెబుతోంది. ఇక్కడ పడుకున్నవాళ్లు ఇక్కడి నుంచే లేస్తారని చెబుతోంది.

నేల సంగతీ ఇదే. రోమా 8లో పౌలు మనుషుల మహిమ గురించి చెబుతూ మధ్యలో సృష్టినంతా తీసుకొస్తాడు. నాశనానికి లోబడిన సృష్టి ప్రసవవేదన పడుతూ, దేవుని పిల్లల మహిమతో పాటు తనకూ విడుదల వస్తుందని ఎదురుచూస్తోందంటాడు. ప్రకటన గ్రంథం చివర్లో జనం పైకి ఎగిరిపోరు. నగరమే కిందికి దిగి వస్తుంది, దాని గుమ్మాలు మూయరు. మెథడిస్టు ఉద్యమ వ్యవస్థాపకుడు జాన్ వెస్లీ 1781లో ఒక ప్రసంగం ప్రచురించాడు. మనుషుల చేతుల్లో నలిగిన జంతువులకు కూడా ఆ విడుదలలో భాగముంటుందన్నాడు. వాటిని ఇప్పుడు కొట్టేవాళ్లు ఆ సంగతి తలుచుకుని చేయి దించాలన్నది ఆయన ఉద్దేశం.

తెలుగు బోధలో ఎక్కువగా వినిపించేది మాత్రం ఎత్తబడటం గురించి. సంఘం ఒక్కసారిగా ఆకాశానికి ఎత్తబడుతుంది, వెనక లోకం నాశనమవుతుంది. ఈ బోధను 19వ శతాబ్దంలో ఇప్పుడున్న రూపానికి తెచ్చినవాడు ప్లిమత్ బ్రదరన్ ఉద్యమానికి చెందిన జాన్ నెల్సన్ డార్బీ. 1909లో అమెరికాలో వచ్చిన స్కోఫీల్డ్ రెఫరెన్స్ బైబిలు దాన్ని లోకమంతా పంచింది. అదే బ్రదరన్ ఉద్యమపు తొలి పెద్దల్లో ఒకడైన గ్రోవ్స్ వెంట 1836లో వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు గోదావరి డెల్టాలో పాతుకుని చేసిన సేవ గొప్పది, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ లోకం ఎలాగూ కాలిపోతుందన్న బోధ డెల్టాలో ఉప్పెక్కుతున్న మంచినీళ్ల గురించి, కూరుకుపోతున్న కొల్లేరు గురించి సంఘాన్ని నోరు విప్పనివ్వదు. పౌలు చెప్పినట్టు ఈ సృష్టే విడుదల కోసం మూలుగుతోందని నమ్మితే, చెరువు చచ్చిపోవడం ప్రార్థనాంశం అవుతుంది, పంచాయతీ సమావేశంలో అడగాల్సిన ప్రశ్న అవుతుంది.

దీనిపై అభ్యంతరాలు సహజం. దేహంలోని అణువులు మట్టిలో, చెట్లలో, మరో దేహంలో కలిసిపోతాయి కదా, ఎవరివి ఎవరికి ఇస్తారు? ఇది కొత్త ప్రశ్న కాదు, ఆగస్టీన్‌కూ తెలిసిందే. కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్ర ఆచార్యుడిగా ఉండి, ఆ తర్వాత ఆంగ్లికన్ గురువైన జాన్ పోల్కింగ్‌హార్న్ దీనికి ఆలోచించదగిన జవాబిచ్చాడు. బతికున్నప్పుడే దేహంలోని పదార్థం మారుతూ ఉంటుంది. మనిషిని అదే మనిషిగా నిలిపేది ఆ పదార్థపు అమరిక. దేవుడు ఆ అమరికను గుర్తుంచుకుని కొత్త పదార్థంలో తిరిగి నిలబెట్టగలడన్నాడు. ప్రయోగశాలలో నిరూపించే సంగతి కాదిది, విశ్వాసం. కానీ బుద్ధిహీనమైన విశ్వాసం కాదు. కాథలిక్ సంఘం 1963లో దహనానికి అనుమతినిచ్చిందంటే కారణం ఇదే. బూడిద దేవుడి చేతులు కట్టేయలేదు. రోన్ నదిలో కలిసినవారి గురించి ఇరేనియస్ సంఘం నమ్మిందీ అదే.

ఇంకో అభ్యంతరం బరువైనది. చచ్చాక దొరికే మహిమ చూపించి బతికున్నప్పటి అన్యాయాన్ని ఓర్చుకోమనడం పేదలకు మత్తుమందు కాదా? ఆత్మ మాత్రమే ఎగిరిపోయే పరలోకం విషయంలో ఈ విమర్శ నిజమే. దేహం లేచే ఆశ విషయంలో చరిత్ర వేరేగా ఉంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో అంతియొకస్ రాజు చిత్రహింసల ముందు నిలబడిన ఏడుగురు యూదు అన్నదమ్ముల కథ మక్కబీయుల రెండో గ్రంథంలో ఉంది. వాళ్లలో ఒకడు చేతులు చాచి, వీటిని దేవుడి దగ్గర తిరిగి పొందుతానని చెబుతాడు. ఆ ఆశ అతడిని రాజుకు లొంగనివ్వలేదు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైనికుడిగా పట్టుబడి బ్రిటన్ ఖైదులో క్రీస్తును కనుగొన్న యుర్గెన్ మోల్ట్‌మన్ 1964లో ‘నిరీక్షణ వేదాంతం’ రాశాడు. పునరుత్థానాన్ని నమ్మినవాడు ఉన్న లోకంతో రాజీపడలేడన్నది ఆ పుస్తకం వాదం. రాబోయేది ఏమిటో తెలిసినవాడికి ఇప్పుడున్నది ఎంత తక్కువో కనిపిస్తుంది.

కాబట్టి తెలుగు సంఘాలు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి కష్టమైనవి కావు. భూస్థాపన ప్రసంగంలో ఆత్మ చేరిన విశ్రాంతితో ఆగకుండా దేహం లేచే రోజు గురించి కూడా చెప్పాలి. కొత్తగా కట్టే ప్రతి చర్చికీ, పాత చర్చిలకూ ర్యాంపు ఉండాలి. చెవిటివాళ్లు ఉన్న చోట సంజ్ఞాభాషలో ఆరాధన చెప్పేవాళ్లు ఉండాలి. స్వస్థత ప్రార్థన చేసేవాళ్లు, బాగుకానివాళ్ల విశ్వాసాన్ని వేదిక మీద తూకం వేయడం మానాలి. బిషప్పులు, సంఘ పెద్దలు తమ పరిధిలోని సమాధుల తోటల పటాలు తీసి చూడాలి. ఏ కుటుంబాలకు ఏ మూల చోటు దొరుకుతోంది, పాలరాతి సమాధులు ఎంత స్థలం ఆక్రమించాయి, కులం పేరుతో విడదీసిన హద్దులు ఎక్కడున్నాయి, అసలు శ్మశానమే లేని పల్లెలు ఎన్ని? ఆ పటాలను సంఘసభల ముందు పెట్టి, హద్దులు తీసేయడానికి తేదీ నిర్ణయించాలి. శ్మశానం లేని పల్లెల జాబితాను ప్రభుత్వం ముందుంచి స్థలం అడగాలి. వచ్చే ఈస్టర్ లోగా ఈ పని మొదలుపెట్టడానికి ఏ డయాసిస్‌కూ పైనుంచి అనుమతి అక్కర్లేదు.